వెనకబండి ఊగకుండా ఉండాలంటే...

‘‘డ్రైవింగ్ మీ బావగారిది, సర్దడం మనది’’ అంది మా అక్క. ప్రయాణమంటే మన ఇళ్లలో పని పంచుకునే తీరు అదేగా! కానీ కారు వెనక ఇల్లులాంటి బండిని తగిలించుకుని వెళ్లేటప్పుడు ఆ సర్దడం కూడా డ్రైవింగులో భాగమేనని మాకు నడిరోడ్డు మీద తెలిసొచ్చింది.

కిందటేడు అమ్మానాన్నలను వెంటబెట్టుకుని డల్లాస్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లాను. అందరం కలిసి టెక్సాస్ ఉత్తర కొసన అమరిల్లో దగ్గరున్న పాలో డ్యూరో కాన్యన్ చూసొద్దామన్నారు బావగారు. నాన్నకి బయట తిండి పడదు, అమ్మకి మోకాళ్ల నొప్పులు. హోటళ్ల చుట్టూ తిరగడమెందుకని ట్రావెల్ ట్రైలర్ అద్దెకు తీసుకున్నారు. దానికి ఇంజను ఉండదు. మంచాలు, స్టవ్, ఫ్రిజ్, బాత్‌రూమ్ అన్నీ ఉన్న చక్రాల ఇల్లు. పెద్ద కారు వెనక ఉండే ఇనుప బంతికి తగిలించి లాక్కెళ్లాలి.

అద్దెకిచ్చినవాళ్లు గ్యాస్ ఎలా వెలిగించాలో, టాయిలెట్ ట్యాంకు ఎలా ఖాళీ చెయ్యాలో గంటసేపు విడమరిచి చెప్పారు. సామాను ఎక్కడ పెట్టాలో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. మేమూ అడగలేదు. వంటగదీ, పెద్ద పెద్ద అరలూ వెనకవైపు ఉన్నాయి. ఇంకేం, బియ్యం సంచి, పప్పులు, రెండు కుక్కర్లు, ఆవకాయ సీసా, నాలుగు కేసుల మంచినీళ్ల సీసాలు అన్నీ అక్కడే కుదురుగా సర్దేశాం. వెనకే ఉన్న నీళ్ల ట్యాంకు కూడా ఇంటి దగ్గరే నింపించాం. ‘దారిలో దేనికీ ఇబ్బంది పడక్కర్లేదు’ అని ఇద్దరం మురిసిపోయాం కూడా!

బయల్దేరేముందు అమ్మ ‘‘నేను ఆ వెనకింట్లో పడుకుని వస్తానే, కాళ్లు చాపుకోవచ్చు’’ అంది. కదులుతున్న ట్రావెల్ ట్రైలర్‌లో మనుషులు ఉండటం అక్కడ చాలా రాష్ట్రాల్లో నిషేధం. బావగారు ససేమిరా అన్నారు. అమ్మ కొంచెం చిన్నబుచ్చుకుని కారులోనే కూర్చుంది.

ఆ నాలుగు ఊపులు

విచిటా ఫాల్స్ దాటాం. చిల్డ్రెస్ దాటాం. అక్కడి నుంచి చెట్టూ చేమా తక్కువ, అంతా మైదానం. గాలికి అడ్డే లేదు. గంటకు 70 మైళ్ల వేగంలో ఉన్నాం. పద్దెనిమిది చక్రాల ట్రక్కు ఒకటి మమ్మల్ని దాటింది. మొదట మా బండిని ఎవరో పక్కకు తోసినట్టయింది. మరుక్షణం అటువైపే లాగినట్టయింది. అంతే, వెనక ట్రైలర్ కుడికీ ఎడమకీ ఊగడం మొదలెట్టింది. ఒకటి, రెండు, మూడు... ప్రతి ఊపూ ముందుదానికన్నా పెద్దది. వెనకబండి మా కారును కూడా పట్టుకుని ఊపేస్తోంది. పిల్లలు కేకలు. అమ్మ నా చెయ్యి పట్టుకున్న పట్టు ఇప్పటికీ గుర్తే.

బావగారు బ్రేకు మీద కాలు వెయ్యలేదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసి, స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నారు. రోడ్డు కాస్త ఎగువగా ఉండటం మా అదృష్టం. వేగం తగ్గేకొద్దీ ఊపూ తగ్గింది. పక్కకు తీసి ఆపాక అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు.

ముందుగా దిగింది నాన్న. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక అర తలుపు తీసి చూశారు. ‘‘ఏవమ్మా, బరువంతా వెనకేశారేంటి? బండి వెనక్కి మొగ్గుతోంది’’ అన్నారు.

నాన్నకి ట్రైలర్ తెలియదు. కానీ ఎడ్లబండి తెలుసు. ధాన్యం బస్తాలు వెనక్కి ఎక్కువేస్తే నొగ పైకి లేచి కాడి ఎద్దుల మెడ మీద నిలవదు. మరీ ముందుకేస్తే మెడ కాయలు కాస్తుంది. మెడ మీద కొంచెం బరువు ఉండాలి, అది మోయగలిగినంతే ఉండాలి. నాన్న చెప్పిన ఆ ఒక్క మాటలోనే అసలు కిటుకంతా ఉందని మర్నాడు అర్థమైంది.

గేటుకు వేలాడే పిల్లాడు

దారి పొడవునా 55 మైళ్లు దాటకుండా వెళ్లి రాత్రికి కాంప్‌గ్రౌండ్ చేరాం. మా పక్క ట్రైలర్‌లో డెబ్బై దాటిన ఒక అమెరికన్ ఆవిడ ఉంది. భర్త పోయాక కూడా ఆ బండిని తనే తగిలించుకుని, తనే నడుపుకుంటూ ఊళ్లు తిరుగుతోందట! అక్క మా కథ చెప్పగానే ఆవిడ నవ్వలేదు. ‘‘మీరు బతికి బయటపడ్డారు’’ అని, బరువు కొలిచే చిన్న పరికరం పట్టుకొచ్చింది.

ట్రైలర్ ముందు భాగం కారు బంతి మీద మోపే బరువును ‘టంగ్ వెయిట్’ అంటారు. మన ఎద్దు మెడ మీద బరువన్నమాట! సామానుతో కలిపి ట్రైలర్ మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలి. మా ట్రైలర్ సుమారు 5000 పౌన్లు, అంటే 2270 కిలోల దాకా ఉంది. ఆ లెక్కన ముందు 500 నుంచి 750 పౌన్లు ఆనాలి. ఆవిడ పరికరం 300 చూపించింది!

‘అయితే మాత్రం ఊగడమెందుకు?’ అని నాకు అనుమానం. దానికి జవాబు మనింటి గేటు దగ్గరే ఉంది. ట్రైలర్ కారుకు ఒక్కచోటే, ఆ బంతి దగ్గరే అతుక్కుని ఉంటుంది. గేటు మడతబందు మీద తిరిగినట్టే అదీ పక్కలకు తిరుగుతుంది. మామూలు గేటును నెడితే కాస్త కదిలి ఆగిపోతుంది. అదే గేటు చివర పిల్లాడు వేలాడుతుంటే? ఒకసారి కదిలిందంటే ఓ పట్టాన ఆగదు. ట్రైలర్ వెనక కొసన మనం సర్దిన బరువు ఆ పిల్లాడే. గాలో, ట్రక్కో మొదటి తోపు ఇస్తుంది. వేగం తక్కువగా ఉంటే టైర్ల పట్టుకు ఊపు దానంతటదే అణిగిపోతుంది. వేగం ఒక హద్దు దాటితే ప్రతి ఊపూ పెరుగుతూ పోతుంది. బరువు వెనక ఉంటే ఆ హద్దు ఇంకా తక్కువ వేగంలోనే వచ్చేస్తుంది.

మళ్లీ సర్దాం

ఆ పూట కాన్యన్ చూడటం మానేసి మళ్లీ సర్దుకున్నాం. బరువైనవన్నీ చక్రాల ఇరుసుకు కాస్త ముందుగా, వీలైనంత కిందగా ఉండాలన్నది సూత్రం. సామానులో అరవై శాతం ఇరుసుకు ముందు, నలభై శాతం వెనక ఉండేలా చూసుకోమంటారు. నీళ్ల కేసులు, బియ్యం, కుక్కర్లు అన్నీ ముందున్న మంచం కింది అరలోకి చేరాయి. పై అరల్లో ప్లాస్టిక్ డబ్బాలు, దుప్పట్లు, అప్పడాల్లాంటి తేలికవే ఉంచాం. ప్రయాణంలో జరిగిపోకుండా సామాన్ల మధ్య తువ్వాళ్లు కుక్కాం.

ఇక నీళ్లు. లీటరు నీళ్లు కిలో బరువు. 30 గ్యాలన్లంటే 113 కిలోలు! ఒక మనిషికన్నా ఎక్కువ బరువును పనిగట్టుకుని వెనక మోయించామన్నమాట. కాంప్‌గ్రౌండ్‌లో ఎలాగూ కొళాయి ఉంటుంది. ట్యాంకు ఖాళీ చేసేశాం. అయితే అన్ని ట్రైలర్లలోనూ ట్యాంకు వెనకే ఉండదు. ఎక్కడుందో చూసుకున్నాకే నింపాలా వద్దా అన్నది తేల్చుకోవాలి.

మళ్లీ కొలిస్తే 600 పౌన్లు! కొత్తగా పైసా ఖర్చు పెట్టలేదు. చేసిందల్లా సామాను చోటు మార్చడమే.

‘కొంత సామాను కారులో వేసుకుంటే పోదా?’ అని నేనడిగితే ఆవిడ డ్రైవరు తలుపు పక్కనున్న స్టిక్కర్ చూపించింది. ఆ కారు మనుషులతో, సామానుతో కలిపి ఎంత మోయగలదో అక్కడ రాసి ఉంటుంది. మాది 1650 పౌన్లు. ఏడుగురం కలిసి 900 దాకా ఉంటాం. ట్రైలర్ ముందు మోపే 600 కూడా కారు మోయాల్సిందే. తగిలించే సరంజామా బరువూ ఇందులోకే వస్తుంది. ఇంకేం మిగిలింది? కారు ఎంత లాగగలదన్నదే అందరూ అడుగుతారు. ఎంత మోయగలదన్నది చాలామంది చూసుకోరు.

సాయపడే సరంజామా

ట్రైలర్ తగిలించగానే కారు వెనక కుంగి ముందు లేస్తే స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. అలా కాకుండా ఆ బరువులో కొంత ముందు చక్రాలకు మళ్లించే ఇనుప బార్లుంటాయి. ‘వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్’ అంటారు. పక్కలకు ఊగకుండా రాపిడితో అదిమిపట్టే ‘స్వే కంట్రోల్’ బార్లు వేరే ఉంటాయి. రెండూ కలిసినవీ దొరుకుతాయి. మాకు మొదటిది ఉంది, రెండోది లేదు. అద్దెకు తీసుకునేటప్పుడే అడిగి, ఎలా బిగించాలో చేసి చూపించమనడం మంచిది.

ఈ మధ్య వస్తున్న చాలా కార్లలో ట్రైలర్ ఊగితే కారే కనిపెట్టి బ్రేకులు వేసే ఏర్పాటు ఉంటోంది. మంచిదే. కానీ అవన్నీ గొడుగులాంటివి. సామాను తప్పుగా సర్దడమంటే చిల్లుపడ్డ కప్పు కింద కూర్చోవడమే. గొడుగుంది కదా అని కప్పు బాగు చేయించుకోవడం మానేస్తామా?

తగిలించాక ట్రైలర్ నేలకు సమంగా, లేదా ముక్కు పిసరంత కిందికి ఉండాలి. ముక్కు పైకి లేచి ఉండకూడదు. టైర్లలో గాలి పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. ట్రైలర్లకు వేసే ప్రత్యేక టైర్లలో చాలావాటికి, పక్కన వేరే అంకె రాసి ఉంటే తప్ప, 65 మైళ్లే హద్దు. రోడ్డు పక్క బోర్డు మీద 75 ఉందని మనం 75లో వెళ్లాలనేం లేదు. కాలిఫోర్నియాలో అయితే ట్రైలర్ లాగే బండి 55 మైళ్లు దాటకూడదని చట్టమే ఉంది.

తిరుగు ప్రయాణంలో అదే రోడ్డు, అదే గాలి. 60 మైళ్లు దాటలేదు. ట్రక్కులు దాటినప్పుడల్లా అందరం ఊపిరి బిగపట్టాం. ట్రైలర్ ఒకసారి చిన్నగా కదిలి, బుద్ధిగా వెనకే వచ్చింది. దారిలో ఒక ట్రక్ స్టాప్‌లో లారీలు తూచే కాటా మీద బండిని తూయించాం కూడా. నాన్న కాగితం చేత్తో పట్టుకుని ‘‘ఇది బయల్దేరేముందు చేయించాల్సిన పని’’ అన్నారు.

ఊపు మొదలైతే...

* వెంటనే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తియ్యాలి. వేగం పెంచితే సర్దుకుంటుందన్న మాట నమ్మొద్దు.
* స్టీరింగ్ తిన్నగా, గట్టిగా పట్టుకోవాలి. ఊపుకు ఎదురు తిప్పితే ఊపు పెరుగుతుంది.
* కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు.
* డ్రైవరు చేతికందేచోట ‘బ్రేక్ కంట్రోలర్’ ఉంటుంది. దాని మీట నెమ్మదిగా నొక్కితే ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడి, వెనకబండి తిన్నగా అవుతుంది. అదెక్కడుందో బయల్దేరకముందే చేత్తో తడిమి చూసుకోవాలి. పక్కన కూర్చునేవాళ్లకూ తెలిసుండాలి.
* ఊపు తగ్గాక రోడ్డుకు బాగా ఎడంగా ఆపి సామాను, టైర్లు, తగిలింపు చూసుకోవాలి. ‘తగ్గిపోయిందిగా’ అని అదే వేగంతో సాగిపోకూడదు.
* పల్లంలో దిగేటప్పుడు, ఈదురుగాలి ఉన్నప్పుడు ముందే వేగం తగ్గించాలి.

డల్లాస్‌లో ఇంటికొచ్చాక అక్క ఒక కాగితం మీద ‘బరువులు ముందు, కింద; తేలికవి పైన; నీళ్లు చూసి’ అని రాసి వంటింట్లో ఫ్రిజ్‌కు అంటించింది. బావగారు చూసి ‘‘ఇది కారులో కదా అంటించాలి?’’ అన్నారు.

‘‘కారులోకి ఎక్కేసరికి ఆలస్యమైపోతుందండీ. నిర్ణయం జరిగేది ఇక్కడే’’ అంది అక్క.

మన అమ్మాయిలో, కోడళ్లో అక్కడ ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నామని ఫోన్ చేస్తే ఏం వండుకెళుతున్నారని అడుగుతాం. ఈసారి ఎక్కడ సర్దారని కూడా అడగండి.