ఆటలో జాప్యము - దాని నివారణ

సాయంకాల మగునప్పటికి పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చుండి, దేశాంతరములందలి తోడి యాటకాండ్రతో పోరుచు, నడుమ "ల్యాగు వచ్చినది" యని విసుగుకొనుట మీలో పెక్కండ్రు చూచియే యుందురు. కనెక్షను వేగము చాలదని వాడనును. పెద్దలు నెలకు మఱికొంత సొమ్ము చెల్లించి పెద్ద పథకమును పుచ్చుకొందురు. చిక్కు మాత్రము తీరదు. ఏలయన, వేగమను నొక్క మాటలో రెండు వేఱ్వేఱు సంగతులు కలిసియున్నవి.

బండ్లబాటను చూడుడు. బాటను వెడల్పు చేసినచో ఒకేమాఱు నాలుగు బండ్లు ప్రక్కప్రక్కన పోవును. అంతమాత్రమున ఎద్దు నడక హెచ్చదు. కంపెనీవారు మెగాబిట్టుల లెక్కను అమ్మునది బాట వెడల్పు. ఆటకు కావలసినది ఎద్దు నడక. సినిమా చూచుటకును, ఆటను మొదట దింపుకొనుటకును వెడల్పు కావలయును. ఆడునప్పుడు మాత్రము పెక్కు ఆటలకు సెకనుకు ఒక్క మెగాబిట్టైనను పట్టదు. అటునిటు పోవునవి చిన్న చిన్న చీట్లే: 'నే నిచట నున్నాను, ఈ దిక్కున కాల్చితిని' అని.

ఆ చీట్లన్నియు సర్వరను దూరపు యంత్రమునకు చేరును. పందెమున మధ్యవర్తి వంటిదది. ఎవడు ముందు కాల్చెనో నిర్ణయించునది యదియే. చీటి పోయి జవాబు వచ్చుటకు పట్టు కాలమును మిల్లీసెకన్లలో, అనగా సెకనులో వేయవవంతులలో, కొలుతురు. దీనికి పింగని పేరు. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనాలయమున మైక్ మూస్ అనునాతడు ఈ కొలత చేయు చిన్న ప్రోగ్రామును వ్రాసి, జలాంతర్గాముల జాడ తీయు యంత్రపు చప్పుడును బట్టి ఆ పేరు పెట్టెను.

ఈ కాలమును కొంతవఱకే తగ్గింపవచ్చును. గాజుతీగెలో వెలుతురు సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోవును. చెన్నపట్టణమునుండి సింగపూరునకు సూటిగా సుమారు 2,900 కిలోమీటర్లు. పోయిరాకకు 29 మిల్లీసెకన్లు తప్పవు. హైదరాబాదునుండి అమెరికాలోని డాలసునకు 14,000 కిలోమీటర్లకు పైగా గలదు. పోయిరాకకు 140 మిల్లీసెకన్లకు తక్కువ కానేరదు. తీగెలు చుట్టుదారిని పోవును గనుక నిజమున కింకను హెచ్చగును. కావున అచటి మన తెలుగు పిల్లలును ఇచటివారును కలిసి యాడునపుడు సర్వరు ఏ యొడ్డున నున్న ఆ యొడ్డువానికే మేలు. ఓడిన బిడ్డను చేతకానివాడనుట న్యాయము గాదు. ఇచటివారితోనే యాడునపుడు, ఆటలో ప్రాంతము నెన్నుకొను నవకాశ మున్నచో, ముంబయిని గాని, అది లేనిచో సింగపూరును గాని ఎన్నుకొనవలెను. దూరమును హరించెదమని డబ్బు గొనెడి 'బూస్టరు' ప్రోగ్రాములు ఒక్కొక్కప్పుడు దారి మార్చి కొంత మేలు చేయవచ్చును గాని, వెలుతురును పరుగెత్తింపలేవు.

మన చేతిలో నున్నది ఇంటిలోని జాప్యము. వీధినుండి వచ్చు తీగెను ఇంటిలో పంచు పెట్టెను రౌటరందురు. దానినుండి గాలిలో పోవు వైఫైకిని, నా మాట మీకు వినిపించు రేడియోకును జాతి యొక్కటే. 2.4 గిగాహెర్ట్జు పట్టీలో పొరుగిండ్ల వైఫైలు, బ్లూటూతు పరికరములు, మైక్రోవేవు పొయ్యి అన్నియు కూడి గోల చేయును. చెడిన చీటిని మరల పంపవలసివచ్చును. అందుచే జాప్యము ఒకమాఱు 10, మఱొకమాఱు 100 మిల్లీసెకన్లగును. నిలుకడగా 60 ఉన్నను ఆటగాడు అలవాటు పడును. ఎగుడుదిగుడులకు అలవాటు పడలేడు. 5 గిగాహెర్ట్జు పట్టీలో గోల తక్కువ గాని గోడలను దాటు శక్తియు తక్కువ. మన పాత యిండ్ల మందపు గోడల వెనుక అది చాలదు. ఫోనుతో ఆడువాడు రౌటరున్న గదిలోనే కూర్చుండి ఈ పట్టీని వాడుకొనవలెను. కంప్యూటరునకు మాత్రము రౌటరునుండి ఈథర్నెట్టు తీగె వేయుటయే మేలు. 100 మీటర్ల వఱకు చక్కగా పనిచేయును. పెద్ద పథకము నెలనెలకు సొమ్ము కోరును. తీగె కోరునది ఒక్కమాఱే.

ఇక వరుస. ఇంటిలో ఒకరు పెండ్లి వీడియోను పైకి పంపుచుండిరనుకొనుడు. ఆ చీట్లు రౌటరులో బారులు తీరును. ఆటచీటి చిన్నదైనను వాని వెనుక నిలువవలెను, రైలుగేటువద్ద చెఱకుబండ్ల వెనుక చిక్కిన వైద్యుని జట్కావలె. ఈ రోగమునకు బఫర్‌బ్లోటని పేరు. 2012లో క్యాథ్లీన్ నికొల్సు, వాన్ జాకబ్సను అనువారు, చీటి వరుసలో ఎంతసేపు నిలిచెనో చూచి ఆ వరుసను పొట్టిచేయు ఉపాయమును ప్రకటించిరి. కొన్ని రౌటర్లలో ఇట్టి యేర్పాటు ఎస్.క్యూ.ఎం. అను పేర నుండును. లేనిచో వీడియో పంపుటను ఆట ముగిసిన పిదప పెట్టుకొనుడు.

రోగ మెక్కడో తెలియుటకు మా మనుమనిచే నేను చేయించు పరీక్ష ఇది. పింగును ముందుగా రౌటరు చిరునామాకే, అనగా తఱచు 192.168.1.1 అనుదానికి, పంపవలెను. తీగెమీద జవాబు ఒకటి రెండు మిల్లీసెకన్లలో వచ్చును. ఎగుడుదిగుడులు అచటనే కనబడిన దోషము ఇంటిది. అచట బాగుండి, ఇంట నెవరును ఇంటర్నెట్టు వాడని వేళ కూడ వెలుపలి చిరునామాలకు పంపినపుడు చెడినచో దోషము వెలుపలిది. ఆ యంకెలను మూడు సాయంకాలములు వేళలతో కూడ వ్రాసిపెట్టి కంపెనీవానికి చూపుడు. "వేగము చాలదు" అనినచో పెద్ద పథకము నమ్మజూపువాడు, అంకెలు చూచినపుడు వేఱు జవాబు చెప్పవలసివచ్చును. తీగెను గడప ప్రక్కగా తెచ్చునపుడు ఎలుకలు కొఱుకకుండ గొట్టములో వేయింపుడు.