మనసాదేవికి మొక్కని షావుకారు

బెంగాల్ పల్లెల్లో శ్రావణమాసం మనసాదేవి పూజల కాలం. ఆమె పాముల దేవత. ఆమె కథను రాత్రిళ్లు పాటగా పాడతారు. ఆ కథతో కట్టిన కావ్యాలనే మనసామంగళాలు అంటారు. మంగళకావ్యం (ఒక దేవతకు భూమ్మీద పూజలు ఎలా మొదలయ్యాయో చెప్పే గేయకావ్యం) బెంగాలీలో 15 నుంచి 18వ శతాబ్దం దాకా బాగా సాగింది. చండి మీద, ధర్మఠాకూర్ మీద కూడా ఇలాంటివి ఉన్నాయి. మనసా కథ మాత్రం వీటన్నిటికంటే ఎక్కువగా జనం నోట నిలిచింది.

శ్రావణంలోనే ఎందుకంటే, గంగా బ్రహ్మపుత్రల డెల్టాలో అప్పటికి పొలాలు మునిగి ఉంటాయి. బొరియల్లోకి నీళ్లొస్తే పాములు మెరక వెతుక్కుంటూ ఇళ్లలోకి చేరతాయి. ఆ భయం ఇంకా పోలేదు. మన దేశంలో ఏటా సుమారు 58 వేలమంది పాముకాటుతో చనిపోతున్నారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వాటిలో దాదాపు సగం మరణాలు జూన్, సెప్టెంబరు మధ్యే. ఎక్కువ మరణాలున్న ప్రాంతాల్లో మన తెలుగు నేల కూడా ఉంది.

మరి ఊరి దేవత మీద చదువుకున్న కవులు కావ్యాలు ఎందుకు రాశారు? 13వ శతాబ్దం మొదట్లో తుర్కుల దాడితో బెంగాల్‌ను ఏలిన సేనరాజుల ప్రాభవం తగ్గింది. సంస్కృత పండితులకు కొలువు ఆసరా పోయింది. ఊళ్లో జనం కొలిచే దేవతలతో సర్దుకుపోవాల్సిన అవసరం వచ్చిందని చాలామంది సాహిత్య చరిత్రకారుల వివరణ. ఆ సర్దుబాటు ఈ కావ్యాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. కవులు మనసాను శివుడి కూతుర్ని చేశారు. జరత్కారు మహర్షికిచ్చి పెళ్లి చేశారు. ఆస్తీకుడికి తల్లిని చేశారు. నన్నయ ఆదిపర్వం చదివినవారికి ఆస్తీకుడు గుర్తుండే ఉంటాడు. జనమేజయుడి సర్పయాగాన్ని ఆపించినవాడు ఆయనే.

పురాణంలో చోటు దొరికినా మనసాకు పూజ దొరకలేదు. కథ మొదలయ్యేది ఇక్కడే. ముందు పశువులు కాసేవాళ్లు ఆమెను ఒప్పుకుంటారు. తర్వాత చేపలు పట్టేవాళ్లు మొక్కుతారు. చాంద్ సదాగర్ (సదాగర్ అంటే వర్తకుడు) మొక్కితే తప్ప పెద్దకులాల్లో ఆమెకు పీట పడదు. చాంద్ శివభక్తుడు. ఆమెను ఒంటికంటిదని తిడతాడు. భార్య సనకా చాటుగా కలశం పెట్టి పూజ చేస్తే, వచ్చి పగలగొడతాడు. ఒక దేవత కొలుపు అట్టడుగు నుంచి పైకి ఎలా పాకిందో కథలోని ఈ వరుసే చెబుతుంది. అది ఇంటి ఆడవాళ్ల ద్వారా లోపలికి వస్తుంది, ఇంటి యజమాని దగ్గర ఆగిపోతుంది.

మనసా పగబడుతుంది. చాంద్ ఆరుగురు కొడుకులు చనిపోతారు. సరుకు ఓడలు మునిగిపోతాయి. ఏడో కొడుకు లఖిందర్ పెళ్లికి చాంద్ ఇనుప గది కట్టిస్తాడు. మనసా బెదిరింపుకి లొంగి, కట్టినవాడు గోడలో వెంట్రుకంత సందు వదులుతాడు. శోభనం రాత్రి అందులోంచి పాము దూరి లఖిందర్‌ను కాటేస్తుంది. కొత్త పెళ్లికూతురు బెహులా శవాన్ని అరటిబోదెల తెప్ప మీద వేసుకుని నది వెంట బయల్దేరుతుంది. నెలలు గడుస్తాయి. శవం కుళ్లుతుంది, ఆమె వదలదు. ఒక రేవులో దేవతల చాకలి నేతా బట్టలు ఉతుకుతుంటుంది. పిల్లవాడు అల్లరి చేస్తే ఒక్క దెబ్బతో చంపేసి, పని అయ్యాక మళ్లీ బతికించుకుంటుంది. బెహులా అది చూసి ఆమె కాళ్లు పట్టుకుంటుంది. ఆమె ద్వారానే దేవసభకు వెళ్లి, నాట్యం చేసి, భర్త ప్రాణం అడుగుతుంది. మనసా షరతు ఒక్కటే: మామ తనను పూజించాలి.

చాంద్ చివరికి ఒప్పుకుంటాడు. కానీ ముఖం పక్కకు తిప్పుకుని, ఎడమ చేత్తో ఒక పువ్వు విసురుతాడు. కుడిచెయ్యి శివుడిది. మనసా దాంతోనే తృప్తిపడుతుంది. పోయిన కొడుకులు, ఓడలు అన్నీ తిరిగొస్తాయి. దేవతను పొగడటానికి రాసిన కావ్యం ఆమె శత్రువును ఇంత నిటారుగా నిలబెట్టడం నాకు చాలా గొప్ప విషయంగా తోస్తుంది. భక్తి పేరుతో కవి అతణ్ని చిన్నబుచ్చలేదు.

బారిసాల్ ప్రాంతపు విజయ్‌గుప్త 1494 ప్రాంతంలో, బెంగాల్ సుల్తాన్ హుసేన్‌షా ఏలుబడిలో, ఈ కథ రాశాడు. దాదాపు అప్పుడే విప్రదాస్ పిపిలాయ్ కూడా రాశాడు. 17వ శతాబ్దంలో కేతకాదాస్ క్షేమానంద వచ్చాడు. కావ్యంలో ఎక్కువ భాగం పయార్‌లో (పాదానికి 14 అక్షరాల ద్విపద) నడుస్తుంది. చదువుకోవడానికి కాదు, పాడటానికి కట్టినది. ప్రధాన గాయకుడు కథ నడుపుతుంటే వంతపాటవాళ్లు అందుకుంటారు. మధ్యలో వంటకాల పేర్లు, ఓడల పేర్లు, రేవుల పేర్లు వరసగా వస్తాయి. వినేవాళ్ల బతుకంతా అందులో ఉంటుంది. అందుకే కాబోలు చాలాచోట్ల జనం ఈ కథను తమ ఊరిదే అంటారు. బంగ్లాదేశ్ బొగ్రా దగ్గరున్న గోకుల్ మేఢ్ దిబ్బ బెహులా పడకగదేనని అక్కడివాళ్ల నమ్మకం. పశ్చిమ మేదినీపూర్ జిల్లా నయా గ్రామంలో పటువాలు (పటచిత్రాలు గీసి పాడేవాళ్లు) ఈ కథను బొమ్మల చుట్ట విప్పుతూ పాడతారు. వాళ్లలో చాలామంది ముస్లింలు.

ఇలా దేవత కథను పాడేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. తెలంగాణలో బైండ్లవారు జమిడిక వాయిస్తూ ఎల్లమ్మ కథ చెబుతారు. ఆ కథ మీ ఊళ్లో ఇంకా జరుగుతుంటే, ఒక రాత్రి కూర్చుని చివరిదాకా వినండి. వీలైతే పెద్దల అనుమతితో రికార్డు చేసి దాచండి.