కష్టమైన గేమా, మోసం చేసే గేమా? ఓడిపోయినప్పుడే తెలుస్తుంది

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మ ఫోన్ చేతిలో పెట్టి, "ఈ లెవెల్ మూడు వారాల నుంచి అవ్వట్లేదు, నువ్వన్నా చూడరా" అంది. ఒకే రంగు బొమ్మలు మూడింటిని వరసగా చేర్చే గేమ్. పేరు అనవసరం, ఆ టైపువి ప్లే స్టోర్‌లో బోలెడున్నాయి. ఆరుసార్లు ఆడాను, ఆరుసార్లూ ఓడిపోయాను. ప్రతిసారీ రెండు మూడు బొమ్మల దూరంలో ఆగిపోవడం, వెంటనే "ఇంకో అయిదు మూవ్స్ కావాలా?" అని రేటుతో సహా స్క్రీన్ రావడం. ఏడోసారి గెలిచాను. నేను కొత్తగా చేసిందేమీ లేదు. పైనుంచి పడే బొమ్మలు వాటంతట అవే కలిసిపోయాయి.

"ఏం చేశావురా?" అంది అమ్మ. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. "నాకే బుర్ర పనిచేయట్లేదేమో అనుకున్నా" అని ఫోన్ తీసుకుని వెళ్లిపోయింది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే ఓడిపోవడం నాకు ఇష్టమైన పని. వారానికి నాలుగు రాత్రులు పనిగట్టుకుని కూర్చుని ఓడిపోతాను, కానీ ఒక్కసారి కూడా నా బుర్ర మీద అనుమానం రాలేదు. తేడా ఎక్కడుంది?

నేను ఎక్కువగా ఓడిపోయే గేమ్ ఇన్‌టు ద బ్రీచ్. ఎఫ్‌టీఎల్ తీసిన సబ్‌సెట్ గేమ్స్ వాళ్లే 2018లో దీన్నీ తీశారు. గ్రాఫిక్స్ కార్డ్ లేని నా పాత ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది. 8 బై 8 గళ్ల బోర్డు, అంటే చదరంగం బల్ల అంతే. మనకి మూడు రోబోలు. నేలలోంచి వెక్ అనే పురుగులు వస్తుంటాయి. మామూలు మిషన్‌లో నాలుగైదు టర్న్‌లు నిలబడి, జనం ఉన్న భవనాలని కాపాడాలి. భవనాలు దెబ్బతింటే పవర్ గ్రిడ్ తగ్గుతుంది. అది సున్నాకి వస్తే ఆట మొత్తం అయిపోయినట్టే.

ఇందులో అసలు విషయం ఏంటంటే, ప్రతి పురుగూ మన టర్న్ మొదలవ్వకముందే ఎక్కడ కొడుతుందో, ఎంత డ్యామేజ్ చేస్తుందో చూపించేస్తుంది. ఏ పురుగు ముందు కొడుతుందో ఆ వరస కూడా చూసుకోవచ్చు. అన్నీ ముందే చెప్పేస్తే ఇంక కష్టమేముంది అని నా రూమ్మేట్ నవ్వాడు. "నాకియ్యిరా" అని లాక్కుని, ఇరవై నిమిషాల్లో నగరాన్ని తగలబెట్టేశాడు.

ఒక టర్న్ చెప్తాను. ఫైర్‌ఫ్లై అనే పురుగు వరసలో నేరుగా ఒక భవనం మీదికి గురిపెట్టింది. దానికి మూడు హెల్త్. ఆ టర్న్‌లో దాన్ని చంపేంత దెబ్బ నా దగ్గర లేదు. కొత్తగా ఆడేవాళ్లందరూ ఇక్కడే ఇరుక్కుంటారు, ఎందుకంటే మనకి శత్రువుని చంపడం అలవాటు. కానీ ఆర్టిలరీ గుండుని ఫైర్‌ఫ్లై మీద కాకుండా దాని పక్క గడిలో వేస్తే, ఆ తాకిడికి అది ఒక గడి పక్కకి జరుగుతుంది. గురిపెట్టిన దిశ మాత్రం మారదు. ఇప్పుడు అది కొట్టే వరస మారింది, ఆ వరసలో నిలబడి ఉన్నది ఇంకో పురుగు. నా టర్న్ అయ్యాక అది వెళ్లి వాళ్లవాడినే కొట్టింది. ఈ ఒక్క ఎత్తు కోసం పదిహేను నిమిషాలు స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను. ఆ పదిహేను నిమిషాల్లో నేను ఒక్క బటన్ కూడా నొక్కలేదు.

ఓడిపోయినప్పుడు కూడా అంతే స్పష్టంగా ఉంటుంది. మొన్న ఒక మిషన్‌లో రైలుని కాపాడితే బోనస్ అన్నాడు. కక్కుర్తి పడి, రైలు కోసం రెండు భవనాలు వదిలేశాను. రెండు మిషన్ల తర్వాత గ్రిడ్ ఖాళీ. ఎక్కడ పోయిందో వేలు పెట్టి చూపించగలను. కోడ్ రాసేవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. లైన్ నంబర్‌తో వచ్చే ఎర్రర్‌కి, "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అని వచ్చే ఎర్రర్‌కి ఎంత తేడా ఉందో, ఈ గేమ్‌కి అమ్మ ఫోన్‌లో గేమ్‌కి అంత తేడా. అదృష్టం అసలు లేదని కాదు. భవనం దెబ్బ తట్టుకుని నిలబడే చిన్న ఛాన్స్ ఒకటి పెట్టారు. కానీ అది మనకి మేలు చేయడానికే తప్ప, ఎప్పుడూ మన మీద పనిచేయదు.

డిఫికల్టీ పెంచితే ఏమవుతుంది అన్నది ఇంకో పరీక్ష. ఇందులో హార్డ్ పెడితే పురుగులు ఎక్కువ వస్తాయి, బలమైనవి ఎక్కువ కనిపిస్తాయి. రూల్స్ మాత్రం అవే. సివిలైజేషన్ 6 సంగతి వేరు. డీటీ లెవెల్ పెడితే కంప్యూటర్ తెలివి పెరగదు. నేను ఒక సెట్లర్‌తో మొదలుపెడితే దానికి ముగ్గురు ఉంటారు, ప్రొడక్షన్ దగ్గర్నుంచి సైన్స్ దాకా అదనపు శాతాలు ఉంటాయి. పరుగు పందెంలో వాడిని వంద మీటర్లు ముందు నిలబెట్టి "ఇప్పుడు గెలువు" అన్నట్టు. గెలిస్తే కిక్కే, ఒప్పుకుంటాను. కానీ ఓడితే తప్పు నాదా, ఆ ముగ్గురిదా అని తేల్చుకోలేను.

ఎక్స్‌కామ్ 2 ఇంకా తమాషా. కింది డిఫికల్టీల్లో స్క్రీన్ మీద చూపించే హిట్ ఛాన్స్ కన్నా లోపల వాడే నంబర్ ఎక్కువ. వరసగా మిస్సయితే ఇంకా పెంచుతుంది. 85 శాతం అంటే తగిలి తీరాలి అని మన మనసు లెక్క వేసుకుంటుంది కాబట్టి, గేమ్ కూడా ఆ లెక్కకే సర్దుకుంది. దయతోనే చేశారు. కానీ అలా నేర్చుకుని లెజెండ్‌కి వెళ్తే ఆ సాయం ఉండదు, అసలు 85 అంటే ఏంటో అప్పుడు తెలుస్తుంది. "గేమ్ చీటింగ్" అని నేను తిట్టుకున్న రోజుల్లో నిజానికి గేమ్ చీటింగ్ ఆపేసిందన్నమాట!

సాయం చేయడం తప్పని కాదు. సెలెస్ట్ చూడండి. అంచు దాటి కాలు గాల్లో ఉన్నా, కొన్ని ఫ్రేమ్‌ల వరకు జంప్ ఒప్పుకుంటుంది. మన ఉద్దేశం ఏంటో చూస్తుంది, మిల్లీసెకండ్లు లెక్కపెట్టదు. అదీ చాలకపోతే అసిస్ట్ మోడ్‌లో స్పీడ్ సగానికి తగ్గించుకోవచ్చు, ఎవరూ వెక్కిరించరు. ఆఫీసులో పదకొండు గంటలు కూర్చుని వచ్చాక నేను తగ్గించాను. మొదట సిగ్గేసింది. రెండో రోజుకి పోయింది.

మన సైట్ చదివేవాళ్లు ఎక్కువగా ఫోన్‌లోనే ఆడతారు కాబట్టి ఒక మాట. ఫోన్‌లో సగం కష్టం గేమ్ పెట్టింది కాదు, గాజు పెట్టింది. డెడ్ సెల్స్ ఫోన్ వెర్షన్‌ని చాలా జాగ్రత్తగా చేశారు. బటన్లు జరుపుకోవచ్చు, దానంతట అదే కొట్టే ఆటో హిట్ మోడ్ కూడా ఉంది. అయినా రోల్ బటన్ మీంచి బొటనవేలు కాస్త పక్కకి జారితే చచ్చిపోతాం, ఆ తప్పు నుంచి నేర్చుకునేది ఏమీ ఉండదు. బాక్స్ మీద టచ్ శాంప్లింగ్ రేట్ 240 హెర్ట్జ్ అని రాసినా, వేలు స్క్రీన్‌ని కప్పేయడం ఆగదు కదా. అలాంటి గేమ్స్ ఫోన్‌లో ఆడాలంటే ముందు ఒక మామూలు బ్లూటూత్ కంట్రోలర్ కొనండి, ఆ తర్వాతే గేమింగ్ ఫోన్ సంగతి. లేదంటే స్లే ద స్పైర్ లాంటి టర్న్ బేస్డ్‌వి ఆడండి. బస్సు గుంతలో పడ్డా మీ ఎత్తు చెడిపోదు.

సంక్రాంతికి ఊర్లో ఉన్న చివరి రోజు కరెంట్ పోయింది. అమ్మ చాక్‌పీస్‌తో వరండాలో పులి మేక గీసింది. మూడు పులులు, పదిహేను మేకలు. దాచిన నంబర్లు లేవు, పాచికలు లేవు. నేను పులులు తీసుకున్నాను. రెండు మేకలని తినేసి ఊపు మీదున్నాను, అంతలోనే మూడు పులులకీ దారులు మూసేసింది.

"రెండో మేకని నేనే వదిలా. దాని కోసం ఆశపడి కిందికి దిగావు చూడు, అక్కడే అయిపోయింది" అని ఆ గడి మీద వేలు పెట్టి చూపించింది. మళ్లీ వేశాం. ఈసారి ఆ మేకని తినలేదు. కరెంట్ వచ్చేదాకా నిలబడ్డాను.