డాక్టరుకి ఆ ఒక్క మాట చెప్పండి!

పొలంలో కొట్టే పురుగుమందుకీ, ఆపరేషన్‌ థియేటర్లో ఇచ్చే ఇంజెక్షన్‌కీ చుట్టరికం ఉంది. ఆ చుట్టాలు మన ఒంట్లోనే ఉన్నారు!

గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది కందకుర్తి దగ్గరే. మంజీర, హరిద్ర వచ్చి కలిసే ఆ త్రివేణి సంగమం నుంచి బోధన్‌ వైపు వెళ్తుంటే చెరకు, వరి, సోయా పొలాలు పలకరిస్తాయి. చెరకుకి చెదలు, పీకపురుగు పడితే వాడే మందుల్లో క్లోరోపైరిఫాస్‌ ఒకటి. అది పురుగునెలా చంపుతుందో తెలుసా? దాని నరాల్లో పనిచేసే ఓ ఎంజైమును కట్టిపడేసి. ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ అనే ఆ ఎంజైము మనలోనూ ఉంది.

చెయ్యెత్తాలనుకోగానే నరం చివర ఎసిటైల్‌కోలిన్‌ అనే రసాయనం విడుదలై కండరాన్ని కదిలిస్తుంది. పని కాగానే దాన్ని తుడిచేసేది ఈ ఎంజైమే. అది ఆగిపోతే స్విచ్చి వేసి ఆపడం మర్చిపోయినట్టే! చెమటలు, నోట్లోంచి చొంగ, కండరాల అదురు, చివరికి ఊపిరాడకపోవడం... అందుకే మందు కొడుతూ పడిపోయిన మనిషితోపాటు ఆ మందు డబ్బానూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విషమేదో తెలిస్తే అట్రోపిన్‌లాంటి విరుగుడు ఇవ్వడం తేలికవుతుంది.

తమ్ముడు లేకపోతే...

ఈ ఎంజైముకి బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్‌ అనే తమ్ముడున్నాడు. కాలేయంలో పుట్టి రక్తంలో తిరుగుతుంటాడు. ఆపరేషన్‌కి ముందు గొంతులో గొట్టం వేసేందుకు కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్‌ ఇంజెక్షన్‌ ఇస్తారు. కొన్ని నిమిషాల్లోనే దాని ప్రభావం తగ్గిపోయేది ఈ తమ్ముడి పుణ్యమే. పుట్టుకతోనే ఆ ఎంజైము లేనివారికి మాత్రం ఒక్క ఇంజెక్షన్‌తో గంటల తరబడి కండరాలు కదలవు. అంతసేపూ వెంటిలేటరే ఊపిరి!

ఈ లోపం ఎక్కువగా కనిపించేది మన వైశ్య కుటుంబాల్లో. మిగతావారికన్నా దాదాపు 100 రెట్లు ఎక్కువని హైదరాబాద్‌ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్‌ శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన అధ్యయనంలో రాశారు. కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడమే కారణం. అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే పూర్తి సమస్య. తప్పు ఎవరిదీ కాదు. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ ఉండదు కూడా.

ముందే తెలిస్తే రక్తపరీక్ష చేయించి, డాక్టర్లు వేరే మందు వాడతారు. కాబట్టి ఆపరేషన్‌ అయ్యాక మీ ఇంట్లో ఎవరికైనా చాలాసేపు ఊపిరి అందని సందర్భం ఉంటే దాచుకోకండి. మత్తు డాక్టరుకి ఆ ఒక్క మాట చెప్పండి. అన్నదమ్ములకీ, అక్కచెల్లెళ్లకీ కూడా!