న్యూరల్ నెట్‌వర్క్స్ మొదలుపెట్టాలంటే మ్యాథ్స్ ఎంత రావాలి?

చాలామంది "ముందు లీనియర్ ఆల్జీబ్రా మొత్తం అవ్వాలి, తర్వాత కాలిక్యులస్, ఆ తర్వాత ప్రాబబిలిటీ" అని లిస్టు రాసుకుంటారు. మొదటి పుస్తకం సగంలో ఉండగానే ఆపేస్తారు. నాది దానికి రివర్స్ కేసు. బీటెక్ అయ్యాక కోడ్ కాపీ కొట్టి రెండు మోడల్స్ ట్రైన్ చేసేశాను. ఒక ఇంటర్వ్యూలో "వెయిట్ అప్‌డేట్ చేసేటప్పుడు మైనస్ ఎందుకు? పేపర్ మీద చూపించు" అన్నారు. పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నా. ఆ జాబ్ రాలేదు లెండి.

దానికి కావాల్సింది మా టైమ్‌లో ఇంటర్ ఫస్టియర్ వన్-బీలో ఉన్న డెరివేటివ్సే. బైపీసీ వాళ్ళు కంగారు పడకండి, ఎక్స్ స్క్వేర్‌కి డెరివేటివ్ 2ఎక్స్ అని తెలిస్తే ఇవాళ్టికి చాలు.

ఒక్క వెయిట్ ఉన్న న్యూరాన్ తీసుకుందాం. ఇన్‌పుట్ 2, వెయిట్ 0.5. గుణిస్తే 1 వచ్చింది. మనకి రావాల్సింది 3. తేడా మైనస్ 2, దాన్ని స్క్వేర్ చేస్తే 4. ఇదే లాస్. ఇప్పుడు వెయిట్‌ని కాస్త కదిపితే లాస్ ఎటు కదులుతుంది? అది చెప్పేదే డెరివేటివ్. స్క్వేర్ ఉంది కాబట్టి 2 ఇంటూ తేడా, అంటే మైనస్ 4. లోపల వెయిట్‌ని ఇన్‌పుట్ 2 గుణిస్తోంది కాబట్టి మళ్ళీ ఇంటూ 2, మైనస్ 8. ఇలా బయటిదీ లోపలిదీ గుణించడమే చైన్ రూల్.

మైనస్ 8 అంటే, వెయిట్ పెంచితే లాస్ తగ్గుతుందని. సో, డెరివేటివ్ గుర్తుకి ఎదురు దిశలో వెళ్ళాలి. నన్ను అడిగిన మైనస్ ఇదే! లెర్నింగ్ రేట్ 0.1 అనుకుంటే 0.8 కలుస్తుంది, కొత్త వెయిట్ 1.3. జవాబు 2.6, లాస్ 4 నుంచి 0.16కి పడిపోయింది.

అదే రేట్ 0.5 పెట్టి చూడండి. వెయిట్ 4.5, జవాబు 9, లాస్ 36! ట్రైనింగ్‌లో లాస్ పేలిపోయిందంటే నేను ముందు చూసేది ఈ రేటే.

1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ నేచర్‌లో వేసిన పేపర్‌తో పాపులర్ అయిన బ్యాక్‌ప్రాపగేషన్ కూడా ఈ చైన్ రూలే, లేయర్ తర్వాత లేయర్‌కి.

మ్యాట్రిసెస్‌లో గుణకారం, సైజులు వస్తే చాలు. ఎమ్‌నిస్ట్ బొమ్మ 28 ఇంటూ 28, అంటే 784 నంబర్లు. 32 బొమ్మలు ఒకేసారి పంపితే 32 ఇంటూ 784. దాన్ని 784 ఇంటూ 128 వెయిట్స్‌తో గుణిస్తే 32 ఇంటూ 128 వస్తుంది. మధ్యలో 784లు కలవకపోతే ఎర్రర్. ఐగెన్ వాల్యూస్, ఇంటిగ్రేషన్ ఇప్పుడు వద్దు. ప్రాబబిలిటీ సాఫ్ట్‌మాక్స్ దగ్గర చూసుకుందాం.

ఇన్‌పుట్ 3 పెట్టి, మిగతావన్నీ అలాగే ఉంచి, రేట్ 0.1తో ఒక స్టెప్ పేపర్ మీద చేయండి. ఈసారి జవాబు 3 దాటి అటు పోతుంది. ఎందుకో పట్టుకుని రండి, నెక్స్ట్ ఎపిసోడ్ అక్కడి నుంచే.