అనుపు మెట్లపై ఒక మధ్యాహ్నం

కూచిపూడి నుండి మా మద్రసా విద్యార్థులతో అనుపు చేరేసరికి మధ్యాహ్నమైంది. నాలుగు వైపులా మెట్లు, నడుమ మైదానం. రోమన్ల క్రీడాప్రాంగణాలను తలపించే ఈ కట్టడం క్రీ.శ. 3, 4 శతాబ్దాల ఇక్ష్వాకుల రాజధాని విజయపురిది. నాగార్జునకొండలో రోమన్ నాణేలు కూడా లభించాయి.

“హజ్రత్, ఇది మొదటి నుండీ ఇక్కడే ఉందా?” అని ఒక బాలుడు అడిగాడు.

లేదు. 1954 నుండి 1960 వరకు తవ్వకాలు జరిగిన ఆ లోయ నేడు నాగార్జునసాగర్ జలాశయం అడుగున ఉన్నది. మునకకు ముందే కట్టడాన్ని ఇక్కడ పునర్నిర్మించారు. లోయలోని పల్లెవాసులు మాత్రం ఊళ్ళు విడిచి వెళ్ళవలసి వచ్చింది. మన డెల్టా పొలాలకు వచ్చే కృష్ణ నీరు ఆ సాగర్ దాటి వచ్చేదేనని చెప్పగా, పిల్లలు మౌనం వహించారు.

తిరుగు ప్రయాణానికి ముందు ఆ బాలుడే మైదానం నడుమ నిలిచి మెల్లగా సలాం పలికాడు. పై మెట్టున కూర్చున్న నాకు అది స్పష్టంగా వినిపించింది.