పెంచిన చేతికీ దుఃఖం ఉంటుంది

పాడిగేదె చనిపోతే మన ఊళ్ళలో ఇరుగుపొరుగు పరామర్శకు వస్తారు. కుక్క చనిపోయినా “అయ్యో పాపం” అంటారు. అదే బల్లో, పామో చనిపోయిందని ఏడిస్తే నవ్వేవారే ఎక్కువ. అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో లెపర్డ్ గెకో అనే మచ్చల బల్లులను, బాల్ పైథాన్ అనే చిన్నరకం కొండచిలువలను ఇంట్లో పెంచి, పిల్లలు చేయించి అమ్మేవారు చాలామంది ఉన్నారు. మన కుటుంబాల పిల్లలు ఎందరో ఆ దేశాల్లో ఉంటున్నారు. వారింట్లోనో, స్నేహితులింట్లోనో ఇలాంటి నష్టం జరిగితే ఏం చేయాలో తెలుసుకుందాం. (మన దేశంలో మాత్రం నక్షత్ర తాబేలు వంటి వన్యప్రాణులను పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.)

ఇంత బాధ ఎందుకు?

మంచి పోషణ ఉంటే లెపర్డ్ గెకో 15 నుంచి 20 ఏళ్ళు, బాల్ పైథాన్ 20 నుంచి 30 ఏళ్ళు బ్రతుకుతాయి. హైస్కూల్లో కొనుక్కున్న గెకో, పెళ్ళయ్యి పిల్లలు పుట్టేదాకా తోడు ఉండవచ్చు. పెంపకందారుకు అది పెంపుడు ప్రాణి మాత్రమే కాదు, ఇంట్లో పుట్టిన ఎన్నో పిల్లలకు తల్లి. “ఇంకా నలభై ఉన్నాయిగా” అనేవారికి ఈ సంగతి తెలియదు. ఎన్ని మిగిలినా పోయింది పోయినదే. నలుగురూ గుర్తించని ఇలాంటి దుఃఖాల గురించి అమెరికాకు చెందిన కెన్నెత్ డోకా 1989లో ఒక పుస్తకం తెచ్చారు. పరామర్శ దొరకని దుఃఖం లోలోపలే ఉండి మరింత కుంగదీస్తుంది.

“నావల్లే చనిపోయిందా?”

పెంపకందారును ఎక్కువగా వేధించే ప్రశ్న ఇది. గుడ్లు బయటికి రాక కడుపులోనే ఆగి ఆడది చనిపోతే, “జత కట్టించకపోతే బ్రతికేది” అనుకుంటారు. కానీ పుంజు లేకుండా కోడి గుడ్డు పెట్టినట్టే, మగదానితో కలవకపోయినా ఆడ గెకోకు గుడ్లు తయారవుతాయి. ఇంకొక మాట. ఈ ప్రాణులు జబ్బును చివరిదాకా బయటపడనివ్వవు. కనుక నిన్నటివరకు బాగున్నట్టు కనిపించడం మీ అశ్రద్ధకు గుర్తు కాదు.

చేయవలసిన పనులు

1. చలికి బిగుసుకున్న బల్లి చనిపోయినట్టే కనిపించవచ్చు. పశువైద్యుని చేత నిర్ధారణ చేయించండి.

2. కారణం తెలియకపోతే శవపరీక్ష చేయించండి. అప్పటివరకు దేహాన్ని సంచిలో కట్టి ఐసుపెట్టెలో చల్లగా ఉంచండి. గడ్డకట్టనివ్వవద్దు, గడ్డకడితే పరీక్షకు పనికిరాకుండా పోవచ్చు. కారణం తెలిస్తే అనవసరమైన నింద తొలగుతుంది, మిగిలిన ప్రాణులకూ రక్షణ దొరుకుతుంది.

3. అంటురోగం కావచ్చు. మిగిలినవాటిని వేరువేరుగా ఉంచండి, కొత్తవి తేవద్దు, అమ్మకాలు ఆపండి. గెకోలకు వచ్చే క్రిప్టో అనే పేగుల జబ్బు మామూలు బ్లీచింగ్‌కు లొంగదు. దానికి నమ్మకమైన మందు కూడా లేదు. బాధపడుతున్నవాటికి నొప్పిలేని మరణం ఇప్పించవలసి వస్తే, ఆ నిర్ణయం ఒక్కరే మోయకండి. వైద్యునితో, ఇంట్లోవారితో కలిసి తీసుకోండి.

4. ఈ ప్రాణుల మీద సాల్మొనెల్లా క్రిములు ఉంటాయి. చేతితొడుగులు వేసుకోండి, తర్వాత సబ్బుతో చేతులు కడగండి. తొట్లు, గిన్నెలు వంటింటి సింకులో కడగవద్దు. ఐదేళ్ళలోపు పిల్లలను, వృద్ధులను, గర్భిణులను దూరంగా ఉంచండి.

5. వెంటనే మరొకదాన్ని కొని ఖాళీ నింపాలని చూడకండి. పాత ఫొటోలు, గుడ్ల లెక్కలు రాసిన పుస్తకం దాచుకోండి. పిల్లలకు “నిద్రపోయింది” అని కాక “చనిపోయింది” అనే చెప్పండి, పూడ్చేటప్పుడు పక్కన ఉండనివ్వండి.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేకపోయినా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా డాక్టరును కలవండి. చావు ఆలోచనలు వస్తే ఒక్కరోజు కూడా ఆగకండి. మన దేశంలో 14416, అమెరికాలో 988 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

పలకరించేవారు పెద్దగా చెప్పవలసింది ఏమీ లేదు. “దాని పేరేమిటి? ఎన్నేళ్ళు పెంచావు?” అని అడిగి, చెప్పేది పూర్తిగా వినండి. అదే మంచి పరామర్శ.